ధ్రువరాత్రిలో కుక్కబండి ప్రయాణం

సభాధ్యక్షులకు, మిత్రులందరికీ నమస్కారం.

గ్రీన్లాండ్ వాయవ్య తీరాన, 77 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొంచెం పైన, కానాక్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ అక్టోబరు చివర్లో అస్తమించిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి మధ్యలో గాని కనిపించడు. అంత చీకట్లో, అంత చలిలో జనం ఇల్లు కదలరని మనం అనుకుంటాం. కానీ అక్కడి స్థానిక ఇనుఘుయిట్ తెగ వేటగాళ్లకు దూరపు దారులు తెరుచుకునేది ఆ కాలంలోనే. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. వేసవిలో పడవలు తిరిగే సముద్రమే చలికాలంలో గడ్డకట్టి, కుక్కలు లాగే చక్రాల్లేని బండ్లకు దారి అవుతుంది. ఆ దారిలో చీకటి కంటే పలచటి గడ్డే ఎక్కువ ప్రమాదకరం.

చీకటి కూడా ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. డిసెంబరు నడిమధ్యాహ్నం దక్షిణ దిక్కున సన్నని నీలివెలుగు కాసేపు నిలుస్తుంది. పౌర్ణమికి అటూ ఇటూ కొన్ని రోజులపాటు చంద్రుడు అస్తమించకుండా ఆకాశంలో చుట్టూ తిరుగుతాడు. మంచు మీద పడిన ఆ వెన్నెల బండి నడపడానికి సరిపోతుంది. అమావాస్య రోజుల్లో మాత్రం చంద్రుడు అసలు ఉదయించడు. అప్పుడు నక్షత్రాలను, గాలి చెక్కిన మంచుగీతల వాలును చూసి దిక్కు పోల్చుకోవాలి.

గడ్డ సంగతి ఇంతకంటే చిక్కైనది. ఉప్పునీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. కొత్తగా కట్టిన సముద్రపు గడ్డ మంచినీటి గడ్డలా ఫెళ్లున విరగదు, బరువుకు వంగుతుంది. పైన మంచు కురిస్తే అది దుప్పటిలా చలిని అడ్డుకుని గడ్డను మందం కానివ్వదు. భూశిరాల దగ్గర ప్రవాహం దాన్ని అడుగు నుంచి అరగదీస్తుంది. అందుకే వేటగాడు ఇనుపమొన ఉన్న కర్రతో ముందు పొడిచి చూసి, ఆ తర్వాతే బండిని సాగనిస్తాడు.

కుక్కలను కట్టే పద్ధతిలోనూ ఈ జాగ్రత్తే కనిపిస్తుంది. అలాస్కా అడవిదారుల్లో కుక్కలను జంటలుగా, వరుసలో కడతారు. ఇక్కడ ప్రతి కుక్కకూ విడివిడిగా తాడు ఉంటుంది, అవి బండి ముందు వెడల్పుగా పరుచుకుని పరుగెడతాయి. బరువు ఒకేచోట పడదు, ప్రతి కుక్కా తన అడుగు తాను ఎంచుకోగలదు. బండికి మేకులు కొట్టరు, అడ్డచెక్కలను తాళ్లతో బిగిస్తారు కాబట్టి ఎగుడుదిగుడు గడ్డ మీద అది విరగకుండా వంగుతుంది. తాళ్లు చిక్కుపడినప్పుడు మాత్రం చేతితొడుగులు తీసి, ఆ చలిలో, వట్టి వేళ్లతోనే విప్పుకోవాలి.

మనిషికీ బండికుక్కకూ ఉన్న ఈ అనుబంధం చాలా పాతది. సైబీరియాకు ఉత్తరాన ఉన్న జోఖోవ్ దీవిలో దొరికిన 9,500 ఏళ్లనాటి కుక్క ఎముకలోని జన్యువులను 2020లో పరిశీలించినప్పుడు, నేటి గ్రీన్లాండ్ కుక్కలు ఆ వంశానికి దగ్గరివని తేలింది. 1921–24 నాటి ఐదవ థూలే యాత్రలో ధ్రువప్రాంత అన్వేషకుడు క్నూడ్ రాస్ముసెన్ అలాస్కా దాకా బండి మీద వెళ్లగలిగాడంటే, ఈ ప్రాంతానికే చెందిన అర్నారులుంగువాక్ అనే స్త్రీ, కావిగార్సువాక్ అనే యువకుడు వెంట ఉండబట్టే. వారి పేర్లు మనకు తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు గడ్డ ఆలస్యంగా కడుతోంది, త్వరగా కరుగుతోంది. గడ్డ లేకపోతే సీల్, వాల్రస్ వంటి సముద్రజంతువుల వేటకు దూరం పోలేరు. వేట తగ్గితే కుక్కలకు మాంసం కొనవలసి వస్తుంది. కొనలేనివారు కుక్కలను తగ్గించుకుంటారు. 2002లో గ్రీన్లాండ్ అంతటా సుమారు 25,000 ఉన్న బండికుక్కలు 2016 నాటికి 15,000 దరికి పడిపోయాయి. కుక్కలు తగ్గిన ఇంట్లో పిల్లలకు గడ్డను పొడిచి చూసే పని నేర్చుకునే ప్రయాణాలూ తగ్గుతున్నాయి.