మౌత్ ఆర్గాన్ రీడ్లకు ఇంట్లోనే శ్రుతి

శ్రోతలకు నమస్కారం. మౌత్ ఆర్గాన్‌లో ఒకే ఒక్క స్వరం కాస్త దిగి వినిపించడం మొదలైతే చాలామంది ఆ వాయిద్యాన్ని సొరుగులో పడేసి కొత్తది కొనుక్కుంటారు. విప్పి చూసి, దిగిన రీడ్‌ను తిరిగి శ్రుతిలోకి తెచ్చుకోవచ్చుననీ, అందుకు మంచి వెలుతురు, చదునైన బల్ల, తొందరపడని చెయ్యి ఉంటే చాలుననీ ఈ పూట మనవి చేయదలచుకున్నాను.

పది రంధ్రాల మామూలు మౌత్ ఆర్గాన్‌లో ఇరవై రీడ్లు, ఎక్కువగా ఇత్తడివే, ఉంటాయి. పై పలకకున్న పదీ ఊదినప్పుడు, కింది పలకకున్న పదీ పీల్చినప్పుడు పలుకుతాయి. ఒక కొసను రివిట్‌తో పలకకు బిగించి రెండో కొసను వదిలేసిన సన్నని రేకే రీడ్. వదిలేసిన కొస తేలికైతే రీడ్ మరింత వేగంగా కంపించి శ్రుతి పెరుగుతుంది; రివిట్ దగ్గరి మొదలు పలచబడితే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. పని అంతా ఈ సూత్రం మీదనే నడుస్తుంది.

అయితే ఆకురాయి పట్టుకునే ముందు రీడ్ నిజంగా దిగిందో లేదో తేల్చుకోవాలి. జేబులోని నూలుపోగు, ఎండిన ఉమ్మి, చెన్నై వంటి సముద్రపు ఊళ్లో ఇత్తడికి పట్టే చిలుము, వీటిలో ఏది అడ్డుపడినా స్వరం మారుతుంది. మెత్తని కుంచెతో రివిట్ వైపు నుంచి కొస వైపుకు తుడిస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. రీడ్ జరజరమంటుంటే అది పక్కకు జరిగి, పలకలో తాను ఆడే చీలిక అంచును తాకుతోందన్నమాట. దానికి మందు శ్రుతి చేయడం కాదు, రీడ్‌ను మధ్యకు జరపడం.

పీల్చే రీడ్లు పలకకు బయటి వైపున ఉంటాయి కనుక కింది మూత తీయగానే చేతికి అందుతాయి. ఊదే రీడ్లు లోపలి వైపున ఉంటాయి కనుక పలకనే విప్పాలి. కొత్తవారికి అదృష్టవశాత్తు, స్వరాన్ని వంచి వాయించే అలవాటున్న వారి వాయిద్యంలో తరచు ముందుగా దిగేవి నాలుగు, అయిదు రంధ్రాల పీల్చే రీడ్లే. మోటారు మెకానిక్కులు వాడే ఫీలర్ గేజ్‌లోని పలచని స్టీలు రేకు, చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులోని మోటారు విడిభాగాల దుకాణాల్లో అడిగితే దొరికేదే, రీడ్ కొస కిందికి మెల్లగా జొనపాలి. ఆ ఆసరా మీద, సన్న ఆకురాయితో కొస దగ్గర మాత్రమే, పొడవు దిశలో రెండు మూడు సార్లు తేలికగా గీయాలి. అడ్డంగా గీస్తే ఆ గీతల దగ్గరే రేపు పగులు పుడుతుంది. పై స్థాయి రీడ్లు పొట్టివి కనుక వాటికి ఒక్క గీత కూడా ఎక్కువ కావచ్చు. గీసిన ఇత్తడి తిరిగి రాదు. రాపిడికి వేడెక్కిన రీడ్ కొద్దిగా దిగి పలుకుతుంది కాబట్టి కాసేపు చల్లారనిచ్చి, ఆ తరువాతనే పరీక్షించాలి.

పరీక్షకు ఫోనులోని ట్యూనర్ పనికివస్తుంది, కాని దాని ముల్లుకు పూర్తిగా లొంగిపోనక్కరలేదు. గట్టి ఊపిరి శ్రుతిని కొంత కిందికి లాగుతుంది కనుకనే చాలా కంపెనీలు A అనే స్వరాన్ని సెకనుకు ప్రామాణికమైన 440 కంపనాలకు బదులు 442 ప్రాంతంలో శ్రుతి చేసి పంపుతాయి. ఒకే స్వరం రెండు చోట్ల ఉన్నప్పుడు చెవే మంచి సాధనం. నాలుగో రంధ్రం ఊదినప్పటి షడ్జమాన్ని, మధ్య రంధ్రాలను నాలుకతో మూసి, ఒకటో రంధ్రంతో కలిపి ఊదితే, తేడా ఉన్నంతసేపూ ధ్వని అలలుగా ఊగుతుంది. శ్రుతి కలిసే కొద్దీ ఆ ఊపు నెమ్మదించి ఆగిపోతుంది.

గాంధారం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కీబోర్డు లెక్క ప్రకారం అది షడ్జానికి 400 సెంట్ల ఎత్తున ఉంటుంది; కీబోర్డులో పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరంలో నూరో వంతే సెంటు. తంబురా తీగలో సహజంగా మోగే అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ఇలాంటి స్వరభేదాలను పలికించలేదన్నది కూడా ఒక కారణంగా ఆల్ ఇండియా రేడియో 1940లో హార్మోనియాన్ని బహిష్కరించి 1971 దాకా దూరంగా ఉంచింది. దాని చిన్న బంధువును గురించి ఇప్పుడు రేడియోలోనే మాట్లాడడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తోంది. గిటారుతోనో కీబోర్డుతోనో కలిసి వాయించేవారు గాంధారాన్ని ఉన్నచోటనే ఉంచుకోవాలి. తంబురా పెట్టుకుని ఒంటరిగా వాయించుకునేవారికైతే అయిదో రంధ్రంలో ఊదే గాంధారాన్ని, రివిట్ దగ్గర సున్నితంగా గీరి, 14 సెంట్లు దించుకోమంటాను. నాలుగు, అయిదు, ఆరు రంధ్రాలను కలిపి ఊదినప్పుడు ఆ నునుపు వెంటనే తెలుస్తుంది. రెండు, ఎనిమిది రంధ్రాల్లో ఊదే గాంధారాలనూ అంతే దించాలి, లేకపోతే అవి ఒకదానితో ఒకటి పొసగవు.

మరలు బిగించేటప్పుడు ఒకే వైపు గట్టిగా తిప్పకుండా అన్నిటినీ కొంచెం కొంచెంగా బిగిస్తే గాలి కారదు. ఒక రాత్రి పక్కన ఉంచి మరునాడు మళ్లీ చూడండి, కొంత మార్పు సహజమే. పెంచిన రీడ్ వాయించిన కొద్దీ దిగిపోతూనే ఉంటే మాత్రం రివిట్ దగ్గర కంటికి కనబడని పగులు ఉన్నట్టే. ఇక ఆకురాయి పక్కన పెట్టి, ఆ రీడ్‌నో మొత్తం పలకనో మార్చుకోవాలి. నమస్కారం.