జీతం పంచాయితీ: గోల్‌కీపర్ విన్న మాటలు

[తెరపై: మంచు మైదానం. గోల్ ముందు ఒంటరిగా ఒక గోలీ (గోల్‌కీపర్).]

ఆఫీసులో అప్రైజల్ మీటింగ్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మేనేజరు గొంతు సవరించుకుని, "బాగానే చేస్తున్నావు, కానీ..." అంటాడు. ఆ 'కానీ' దగ్గరే మనకు గుండె జారుతుంది కదా! ఆ 'కానీ' తర్వాత వచ్చేదంతా ఒక లాయరు మీ ఎదురుగా కూర్చుని, గంటన్నర సేపు, లెక్కలతో సహా చదివితే ఎలా ఉంటుంది? పైగా వచ్చే నెలలో మళ్లీ అదే కంపెనీకి నవ్వుతూ డ్యూటీకి వెళ్లాలి.

అమెరికా, కెనడాల్లో ఆడే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో దీనికి శాలరీ ఆర్బిట్రేషన్ అని పేరు. మన మాటల్లో చెప్పాలంటే జీతం పంచాయితీ.

[తెరపై: వేలం పాటలో ప్యాడిల్ ఎత్తుతున్న చేయి]

ఐపీఎల్ వేలం చూసి అలవాటైన మనకు ఒక లెక్క తెలుసు. నలుగురు పోటీ పడితే ధర పెరుగుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో కుర్రాళ్లకు ఆ వీలు తక్కువ. మొదటి కాంట్రాక్టు ముగిసినా ఆటగాడి మీద హక్కు పాత క్లబ్బుదే. వీళ్లను 'రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్' అంటారు. పేరులో ఫ్రీ ఉంది, కాళ్లకు తాడు కూడా ఉంది. వేరే క్లబ్ ఆఫర్ ఇవ్వొచ్చు గానీ, పాత క్లబ్ అంతే ఇస్తానంటే ఆటగాడు కదలడానికి లేదు. పూర్తి స్వేచ్ఛ రావాలంటే సాధారణంగా 27 ఏళ్లు నిండాలి, లేదా లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తవ్వాలి.

మరి అప్పటిదాకా క్లబ్ ఎంత ఇస్తే అంత పుచ్చుకోవాలా? అక్కర్లేదు, ఈ పంచాయితీ ఉన్నది అందుకే. అయితే కుర్రతనంలోనే సంతకం పెట్టినవాడికి ఇది వెంటనే దొరకదు. 18 నుంచి 20 ఏళ్ల మధ్య తొలి కాంట్రాక్టు చేసుకుంటే నాలుగేళ్ల అనుభవం కావాలి. 24 ఏళ్లు నిండాక చేసుకున్నవాడికి ఒక్క ఏడాది చాలు.

ఆటగాడు జులై 5లోగా దరఖాస్తు పెడతాడు. క్లబ్ కూడా ఆటగాణ్ని పంచాయితీకి లాగొచ్చు. విచారణలు జులై చివర్లో, ఆగస్టు మొదట్లో జరుగుతాయి. లీగ్, ఆటగాళ్ల యూనియన్ కలిసి ఎంచుకున్న మధ్యవర్తి మూసిన తలుపుల వెనక ఇరుపక్షాల వాదన వింటాడు. 48 గంటల్లో తీర్పు ఇస్తాడు.

బేస్‌బాల్‌లోనూ ఇలాంటి పద్ధతి ఉంది గానీ, అక్కడ మధ్యవర్తి ఇరుపక్షాలు చెప్పిన రెండు మొత్తాల్లో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. హాకీలో ఆ కట్టుబాటు లేదు. మధ్యలో తనకు సబబనిపించిన అంకె ఏదైనా రాయొచ్చు.

[తెరపై: వీడియో క్యాసెట్ మీద ఎర్ర గీత]

నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపించేది సాక్ష్యాల సంగతి. ఆటగాడి విలువ తేల్చే గదిలో అతని ఆట వీడియో చూపించకూడదు! పేపర్లో వచ్చిన పొగడ్తలు చెల్లవు, పక్కవాడి సిఫార్సు చెల్లదు. క్లబ్ కూడా "మా దగ్గర డబ్బుల్లేవు, శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో) చోటు లేదు" అనడానికి లేదు. పూర్తి స్వేచ్ఛ వచ్చాక వేలంపాటలా పలికిన పెద్ద కాంట్రాక్టులనూ పోలికకు తేకూడదు. ఇక మిగిలినవి ఆడిన మ్యాచ్‌లు, గణాంకాలు, గాయాలు, జట్టు గెలుపులో పాత్ర, ఇతనిలాంటి స్థితిలోనే సంతకం పెట్టిన మరో ఆటగాడి జీతం. వాదనంతా ఆ 'మరో ఆటగాడు' ఎవరన్న దాని చుట్టూనే తిరుగుతుంది. పెళ్లి సంబంధాల్లో "ఫలానావాళ్ల అబ్బాయికి ఎంత ఇచ్చారో తెలుసా" అన్నట్టే.

[తెరపై: 2 మిలియన్లు | 4.8 మిలియన్లు]

బోస్టన్ బ్రూయిన్స్ గోలీ జెరెమీ స్వేమన్‌ది 2023 నాటి కేసు. ఆ సీజన్లో బోస్టన్ 65 మ్యాచ్‌లు గెలిచి లీగ్ రికార్డు సృష్టించింది. అందులో 24 గెలుపులు స్వేమన్ గోల్ ముందు ఉన్నప్పటివే. కానీ (చూశారా, వచ్చేసింది) అతను ఆడింది 37 మ్యాచ్‌లే, ఎక్కువ మ్యాచ్‌లు ఆడింది జట్టులోని మరో గోలీ లైనస్ ఉల్‌మార్క్. క్లబ్ 20 లక్షల డాలర్లు అంది, స్వేమన్ 48 లక్షలు అడిగాడు. తీర్పు 34 లక్షల 75 వేలు, దాదాపు సరిగ్గా మధ్యలో.

డబ్బు పరంగా నష్టమేమీ లేదు. అయినా ఆటగాడు వినకూడని మాటలు అక్కడ విన్నానని, తోటి ఆటగాళ్లెవరికీ ఆ అనుభవం వద్దని స్వేమన్ తర్వాత చెప్పాడు. 1997లో న్యూయార్క్ ఐలాండర్స్ గోలీ టామీ సాలో ఇలాంటి విచారణలోనే కన్నీళ్లు పెట్టుకున్నాడన్న కథ హాకీ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తీర్పు నచ్చకపోతే? ఆటగాడికి వేరే దారి లేదు. క్లబ్బుకు మాత్రం ఒక తలుపు తెరిచే ఉంటుంది. దరఖాస్తు పెట్టింది ఆటగాడై, తీర్పు ఒక పరిమితి దాటితే, "నీకో దండం" అని వదిలేయొచ్చు. 2010 జూన్‌లో షికాగో జట్టుకు 49 ఏళ్ల తర్వాత లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ వచ్చింది. గోల్ కాసింది ఆంటి నీయెమి. వేసవిలో మధ్యవర్తి అతనికి 27.5 లక్షల డాలర్లు రాశాడు. క్యాప్‌లో చోటు లేని షికాగో కప్పు తెచ్చిన గోలీని వదిలేసి, మరో గోలీ మార్టీ టర్కోను తక్కువకు తెచ్చుకుంది. విచారణలో పలకకూడని క్యాప్ మాటే చివరికి నీయెమి రాత మార్చింది. అతను సాన్ హోసే జట్టులో 20 లక్షలకు చేరాడు.

ఇవన్నీ తెలుసు కాబట్టే చాలామంది గుమ్మం దాకా వచ్చి రాజీ పడతారు. దరఖాస్తు పెట్టడం అంటే చర్చలకు గడువు పెట్టడం లాంటిది. 2023లోనే అనహైమ్ ఆటగాడు ట్రాయ్ టెర్రీ 80 లక్షలు అడిగితే క్లబ్ 45 లక్షలంది. విచారణ ముంగిట ఏడేళ్లకు, ఏటా 70 లక్షల చొప్పున ఒప్పందం కుదిరింది.

[తెరపై: మళ్లీ గోలీ, ఈసారి ప్రేక్షకుల మధ్య]

2024లో స్వేమన్ కాంట్రాక్టు మళ్లీ ముగిసింది. ఈసారి అతను దరఖాస్తే పెట్టలేదు. జట్టు శిక్షణ శిబిరం మొదలైనా అందులో చేరలేదు. బేరం అక్టోబరు దాకా సాగింది. సీజన్ తొలి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు, ఎనిమిదేళ్లకు 6.6 కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు.