మోడల్ ఏదమ్మా?

(జాతీయ సైన్సు దినోత్సవం నాడు ఒక శాఖా గ్రంథాలయంలో, విశ్రాంత సైన్సు ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికీ, గ్రంథాలయ పాలకవర్గానికీ, నాకంటే ముందు మాట్లాడి నా సమయంలో సగం తినేసిన పెద్దలకూ, చాప మీద కూర్చున్న పిల్లలకూ, వాళ్ళ వెనకాల అమ్మలకూ, గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్న నాన్నలకూ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఉక్కపోస్తోంది కాబట్టి తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

1928లో ఇదే రోజున రామన్ గారు తన ఫలితాన్ని కనుగొన్నారు. 1987 నుంచి ఈ రోజును సైన్సు దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన గురించి ఇప్పటికే అందరూ చెప్పారు, నేను చెప్పను. నాకిచ్చిన అంశం ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు వంటింటి ప్రయోగాలు. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్న అమ్మలు కొందరు మొన్న మా ఇంటికొచ్చి, "టీచర్ గారూ, మాకు ల్యాబ్ లేదు కదా, సైన్సు ఎలా చెప్పమంటారు?" అని అడిగారు. అమ్మా, నేను పనిచేసిన బళ్ళలో ల్యాబ్ ఉండేది. దాని తాళంచెవి బీరువాలో ఉండేది, ఆ బీరువా తాళంచెవి సెలవులో ఉన్న మాస్టారి దగ్గర ఉండేది. మీ వంటింటికి తాళం లేదు. అక్కడే మీరు మాకంటే ముందున్నారు.

సరే, మొదలుపెడదాం. బాబూ, నువ్వు, నీలం చొక్కా, ఇలా రా. ఈ పళ్ళెంలో నీళ్ళున్నాయి. మీద మిరియాల పొడి చల్లాను, తేలుతోంది. ఇప్పుడు నీ వేలికి గిన్నెలు తోమే సబ్బు రాసుకుని మధ్యలో ముట్టుకుంటావు. ఆగు, ఇంకా ముట్టుకోకు! ఏమవుతుందో ముందు చెప్పు. మునిగిపోతుందా? మంచిది. ఆ పాపేమంటోంది? వేలికి అంటుకుంటుందట. అదీ మంచిదే. ఇప్పుడు ముట్టుకో.

చూశారా, పొడంతా అంచుకి పరుగెత్తింది! ఇద్దరి మాటా తప్పింది, ఇద్దరి మొహాలూ వెలిగాయి. అమ్మలూ, దయచేసి ఇది గమనించండి. "మిరియాలు అంచుకి పోతాయి చూడు" అని మీరు ముందే చెప్పేస్తే అది గారడీ. పిల్లవాడు ఏదో ఒకటి అనుకుని, అది తప్పితే, అప్పుడు ప్రశ్న పుడుతుంది. నీటి పైపొర లాగిపట్టి ఉంటుందనీ, సబ్బు తగిలిన చోట ఆ పట్టు సడలుతుందనీ, చుట్టూ ఉన్న నీళ్ళు పొడిని తమవైపు లాక్కుంటాయనీ తర్వాత చెప్పొచ్చు, తొందరేం లేదు. ఇప్పుడు ఇదే పళ్ళెంలో మళ్ళీ పొడి చల్లి మళ్ళీ ముట్టుకుంటే అంత జోరుగా కదలదు. ఎందుకో నేను చెప్పను. ఇంటికెళ్ళి వాళ్ళే తేల్చాలి.

ఇక పసుపు. పసుపు దగ్గరికొస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ముందే చెబుతున్నాను.

పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందని ఇక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. సాంబారు మరక పడ్డ తెల్లచొక్కాకి సబ్బు రాస్తే మరక ఎర్రబడుతుందనీ తెలుసు. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగుపదార్థం, సున్నం, సబ్బు లాంటి క్షారం తగిలితే రంగు మారుస్తుంది, నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చబడుతుంది. వంటసోడా నీళ్ళకి కొద్దిగానే మారుతుంది, బట్టల సోడాకి ముదురు ఎరుపవుతుంది. ఆ తేడా ఎందుకని అడిగించారంటే పదో తరగతి పాఠం సగం అయిపోయినట్టే. మందారపూలు వేడినీళ్ళలో నానబెట్టి ఆ రసంతోనూ చూడండి. నిమ్మకాయకి గులాబీ, సబ్బుకి ఆకుపచ్చ.

మా బళ్ళో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళమ్మ నాలుగిళ్ళలో బట్టలు ఉతికేది. ఆ పిల్ల ఒకరోజు వచ్చి, "మేడమ్, పసుపు మరక సబ్బుకి పోతుందా, ఎండకి పోతుందా?" అంది. నీకేమనిపిస్తోందన్నాను. ఎండకే అంది. వాళ్ళమ్మ సబ్బుకే అందట. ఇంట్లో పందెం.

పాత పంచె ఒకటి చింపి నాలుగు ముక్కలు చేసింది. నాలుగింటికీ ఒకే చెంచాతో ఒకే పసుపునీళ్ళు పోసింది. ఒకటి సబ్బుతో ఉతికి ఎండలో వేసింది. ఒకటి ఉతికి నీడలో. ఒకటి ఉత్త నీళ్ళలో జాడించి ఎండలో, ఒకటి జాడించి నీడలో. నాలుగో ముక్క ఎందుకమ్మా అంటే, "ఏమీ చెయ్యకపోతే ఏమవుతుందో తెలియాలిగా మేడమ్" అంది! ఆ మాట నేను నేర్పలేదండీ. ఎవరూ నేర్పలేదు. ఎండలో వేసిన రెండూ వెలిశాయి, సబ్బుది బాగా తెల్లబడింది. నీడలో వేసిన సబ్బు ముక్క మీద మరక అలాగే కూర్చుంది. వెలుగుకి ఆ రంగుపదార్థం విరిగిపోతుంది. ఆ సంగతి పుస్తకంలో చదవకుండానే ఆ పిల్ల పట్టుకుంది.

నాలుగు ముక్కలూ అట్టకి కుట్టి సైన్సు ఫెయిర్‌కి తీసుకెళ్ళాం. న్యాయనిర్ణేత వచ్చారు, అట్ట చూశారు, పిల్లని చూశారు. "మోడల్ ఏదమ్మా?" అన్నారు. ఇదే సార్ అంది. ఆయన నవ్వి, "ఇది మా ఇంట్లో మా ఆవిడ రోజూ చేసే పనే" అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. పక్క బల్ల మీద థర్మోకోల్ అగ్నిపర్వతం, లోపల ఎర్రబల్బు, కింద దుకాణం వాళ్ళు అంటించిన స్టిక్కరు కూడా సగం కనిపిస్తోంది. బహుమతి దానికి. ఆ అగ్నిపర్వతం పొంగడానికి వాడింది కూడా వంటసోడానే లెండి, అది వేరే సంగతి.

మా ఆవిడ రోజూ చేసే పనే! మరి ఆ పనిలో సైన్సు ఉందని మీకెప్పుడూ ఎందుకు తోచలేదు స్వామీ? క్షమించండి, నీళ్ళు ఇప్పించండి.

అదే మనిషి జర్మనీలో ఉండి ఉంటే ఆగ్నెస్ పొకెల్స్‌ని కూడా అలాగే తోసిపుచ్చేవారు. 1862లో పుట్టింది. ఆ కాలంలో అక్కడ ఆడపిల్లకి విశ్వవిద్యాలయంలో చోటు లేదు. తమ్ముడు చదువుకుని భౌతికశాస్త్రవేత్త అయ్యాడు, ఈమె ఇంట్లో వంటా అంట్లూ చూసుకుంటూ తల్లిదండ్రులకు సేవ చేసింది. అంట్ల నీళ్ళలో జిడ్డు, సబ్బు కలిస్తే పైపొర ఎలా మారుతుందో చూస్తూ, చూస్తూ ఊరుకోలేక, రేకుతో ఒక తొట్టి చేసుకుంది. అంచుదాకా నీళ్ళు పోసి, మీద అడ్డంగా ఒక రేకుపట్టీ పెట్టి అటూ ఇటూ జరిపితే పైపొర విశాలం పెరుగుతుంది, తగ్గుతుంది. త్రాసుకి చిన్న బిళ్ళ వేలాడదీసి, నీళ్ళ మీంచి దాన్ని లేపడానికి ఎంత బరువు కావాలో కొలిచేది. ఇందాక ఈ బాబు మిరియాలతో చూసినదాన్నే ఆమె అంకెల్లో పట్టుకుంది. 1891లో ఇంగ్లండులోని భౌతికశాస్త్రవేత్త రేలీ ప్రభువుకి ఉత్తరం రాసింది. ఆయన చదివి, "మోడల్ ఏదమ్మా" అనలేదు. భార్య చేత ఆ జర్మన్ ఉత్తరాన్ని ఇంగ్లీషు చేయించి, నేచర్ అనే సైన్సు పత్రికకు పంపి అచ్చు వేయించాడు. తర్వాత అమెరికన్ శాస్త్రవేత్త లాంగ్‌ముయిర్ అలాంటి తొట్టితోనే పనిచేశాడు, 1932లో ఆయనకి నోబెల్ వచ్చింది. పొకెల్స్‌కి డెబ్భయ్యో ఏట గౌరవ డాక్టరేటు వచ్చింది. సంతోషించాలో ఏడవాలో మీరే చెప్పండి.

కార్యదర్శి గారు చీటీ పంపారు, అయిదు నిమిషాలట. రాసుకొచ్చిన కాగితంలో కోడిగుడ్డు ఉప్పునీళ్ళలో తేలడం, పూరీ పొంగడం, చింతపండుతో రాగిచెంబు తోమడం అన్నీ ఉన్నాయి. వాటిని వదిలేస్తున్నాను. పెరుగు మాత్రం వదలను.

కొందరి చేత్తో తోడు పెడితేనే పెరుగు గట్టిగా వస్తుందంటారు కదా. ఈ రాత్రి మూడు గ్లాసుల పాలు తీసుకోండి. ఒకటి పొయ్యి మీంచి అప్పుడే దించింది, అది పెద్దవాళ్ళే పట్టుకోవాలి. ఒకటి వేలు పెడితే ఓర్చుకునేంత గోరువెచ్చన. ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసింది, తోడు వేశాక మళ్ళీ ఫ్రిజ్‌లోనే. మూడింటికీ ఒకే పెరుగు, ఒకే చెంచా. ఏది తోడుకుంటుందో నాన్నతో సహా ఇంట్లో అందరూ కాగితం మీద రాసి మడిచి పెట్టండి. నాన్నలూ, నవ్వడం కాదు, మీరూ రాయాలి. మీ ఇంట్లో తోడు ఏ గిన్నెలో ఉంటుందో తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి. సార్, మీకు నమస్కారం. పొద్దున్నే కాగితాలు విప్పండి. పాలను పెరుగు చేసే బాక్టీరియా మరిగే పాలలో ఎందుకు బతకలేదు, చలిలో ఎందుకు బద్ధకించింది అని పిల్లలే అడుగుతారు. ఎంత పుల్లగా ఉందో రుచి చూడనివ్వండి. ఇంకో పూట బయట ఉంచి మళ్ళీ రుచి చూడమనండి.

జాగ్రత్త ఒక్కటి. సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే చూపుకే ముప్పు. కుక్కర్ జోలికి వెళ్ళనివ్వకండి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌నీ బ్లీచింగ్ పొడినీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఫోన్లో ఎవరు చేసి చూపించినా సరే. మీరు నోట్లో పెట్టుకోడానికి వెనకాడని సరుకులతోనే మొదలుపెట్టండి.

ఒక విన్నపం ఈ పాలకవర్గానికి. వచ్చే ఏడు ఇక్కడ పిల్లల ప్రదర్శన పెడతామంటున్నారు. థర్మోకోల్ తెచ్చినవాళ్ళని గేటు దగ్గరే ఆపండి. న్యాయనిర్ణేతలుగా ఇద్దరిని పెడితే అందులో ఒకరు రోజూ వంట చేసేవాళ్ళు అయ్యుండాలి. పిల్లల్ని అడగాల్సింది రెండే మాటలు: నువ్వు ముందు ఏమనుకున్నావు, తర్వాత ఏం చూశావు?

ఈ డబ్బాలో పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ముక్కలున్నాయి, ఒక్కొక్కరికి నాలుగు. ఒకటి పెరుగుకి, ఒకటి బూడిద నీళ్ళకి, ఒకటి సబ్బుకి, నాలుగోది మీ ఇష్టం. తోసుకోకండి, అందరికీ సరిపోతాయి. నీలం చొక్కా బాబూ, ముందు చెయ్యి కడుక్కుని రా. సబ్బు చేత్తో ముట్టుకుంటే డబ్బాలోవన్నీ ఎర్రబడతాయి.