ఎపిసోడ్ 47: పట్టుదల, తేరుకోవడం, మధ్యలో కొబ్బరిచెట్టు

కిరణ్: రికార్డవుతోందా? ఆఁ, ఎర్ర లైటొచ్చింది. నమస్తే అందరికీ. పోయినసారిలా కాకుండా ఇవాళ టాపిక్ మీదే ఉంటాం.

రమణ: కుక్కర్ దూరంగా పెట్టావా?

కిరణ్: దాని సంగతి వదిలెయ్. పట్టుదలకీ, ఇంగ్లీషులో రెజీలియెన్స్ అంటారే, దానికీ తేడా ఏంటి? తెలుగులో దాన్ని ‘స్థితిస్థాపకత’ అని రాస్తున్నారు.

రమణ: అది ఫిజిక్సులో రబ్బరుబ్యాండుది కదరా! మా అమ్మతో ‘నీకు స్థితిస్థాపకత ఎక్కువే’ అంటే చీపురు తీస్తాది.

కిరణ్: మరేమనాలి?

రమణ: తేరుకోవడం, నిలదొక్కుకోవడం. విక్రమార్కుడిది పట్టుదల. భేతాళుడు ఎన్నిసార్లు చెట్టెక్కినా వెళ్ళి దింపుకొస్తాడు. కానీ ఆయనకేం దెబ్బ తగిలింది చెప్పు, భుజం నొప్పి తప్ప? తేరుకోవాలంటే ముందు పడాలి.

కిరణ్: పడ్డం అంటే 2001, ఈడెన్ గార్డెన్స్, ఆస్ట్రేలియాతో టెస్టు...

రమణ: వచ్చేశాడు! రెండు నిమిషాలైనా ఆగలేదు.

కిరణ్: మనవాళ్ళు 171కి ఆలౌట్, ఫాలోఆన్, అంటే వెంటనే మళ్ళీ బ్యాటింగ్. అక్కణ్నుంచి లక్ష్మణ్ 281. నాలుగో రోజంతా ద్రవిడ్‌తో కలిసి ఆడాడు, ఒక్క వికెట్ పడలేదు. అది తేరుకోవడం కాదా?

రమణ: తేరుకున్నది జట్టు. లక్ష్మణ్ ఎక్కడ పడ్డాడు? మొదటి ఇన్నింగ్స్‌లోనూ 59 కొట్టాడు, మనవాళ్ళలో అదే ఎక్కువ. ఆయనది పట్టుదల. తేరుకున్నది ద్రవిడ్. మూడో నంబరు తీసి ఆరుకి పంపితే 180 కొట్టాడు.

కిరణ్: హైదరాబాద్‌లో కూర్చుని ఆ మాటంటావా? ఇంకోసారి మా ఇంటికి బిర్యానీకి రా, చెప్తా.

రమణ: నీ క్రికెట్‌కేం గానీ, కొబ్బరిచెట్టు సంగతి విను.

కిరణ్: మీ శ్రీకాకుళం ఉద్దానం వచ్చింది. అందరూ టీ పెట్టుకోండి.

రమణ: నవ్వకు. 2018 అక్టోబరు 11, తెల్లారగట్ల తిత్లీ తుపాను. పలాస దగ్గరే తీరం దాటింది. మా మావయ్య తోట వజ్రపుకొత్తూరు వైపు. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. ఆయన వాటికేసి చూడలేదు. నిలబడ్డ కొబ్బరిచెట్లనే ఒక్కోదాన్నీ తలెత్తి చూసుకుంటూ తిరిగాడు. ఎందుకో చెప్పు?

కిరణ్: కాయలున్నాయా అని?

రమణ: మొవ్వుందా అని, అంటే నెత్తిన ఉండే లేత చిగురు. కొబ్బరికి కొమ్మల్లేవు కదా, పెరిగేది ఆ ఒక్క మొవ్వు నుంచే. మట్టలన్నీ విరిగిపోయినా మొవ్వు బాగుంటే మళ్ళీ వేస్తాది. మొవ్వు పోయిందా, మాను నిటారుగా ఉన్నా ఇంక అంతే. అదీ ఆ రోజే తెలీదు. బతుకుతాయనుకున్నవాటికి మావయ్య సున్నం బొట్లు పెట్టాడు. తర్వాత చూస్తే బొట్టున్నవే కొన్ని ఎండిపోయాయి.

కిరణ్: ...

రమణ: ఏంటి, మాటల్లేవా?

కిరణ్: లేదు, ఇది నువ్వెప్పుడూ చెప్పలేదు. మళ్ళీ నాటాడా?

రమణ: ఆ ఏడాదే. నాటు రకం కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. ఆయనకి అప్పటికే అరవై దాటాయి. ‘ఇప్పుడెందుకు మావయ్యా’ అంటే, ‘కాళీ నేల సూడనేకపోతన్నానురా’ అన్నాడు.

కిరణ్: ఇది పట్టుదలా, తేరుకోవడమా?

రమణ: మొక్కలైతే నాటాడు. రాత్రి గాలి కాస్త గట్టిగా వీస్తే ఇప్పటికీ లేచి మంచమ్మీద కూర్చుంటాడు. దాన్ని తేరుకోవడం అనమంటావా?

కిరణ్: అనలేం... లక్ష్మణ్ కూడా ఆ మ్యాచ్‌లో నడుం నొప్పితోనే...

రమణ: ఒరేయ్!

కిరణ్: పూర్తిగా విను! నిలబడ్డమే కష్టంగా ఉన్నవాడు...

రమణ: సిగ్గుందా నీకు? మావయ్య గురించి చెప్తుంటే!

కిరణ్: మావయ్య గురించే అంటున్నా. లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి 376...

రమణ: తెలుసు, ప్రతి ఎపిసోడ్‌లోనూ చెప్తావ్. ఆపెయ్, కింద పాలవాడు పిలుస్తున్నాడు.

కిరణ్: ఉత్తరాలు చదవలేదింకా!

రమణ: వచ్చే వారం. ఏది, ఆ బటన్ ఎక్క...