పగటి పూట టెలిస్కోపు

శ్రోతలకు నమస్కారం. హనుమకొండ, కరీంనగర్ కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లలు తరచూ అడుగుతుంటారు, "సార్, సూర్యుడి మీద పరిశోధన అంటే ఇస్రోకే పోవాలా?" అని. 2023లో సూర్యుణ్ణి పరిశీలించే ఇస్రో వ్యోమనౌక ఆదిత్య ఎల్-1 ఎగిరినప్పటి నుంచి ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. అక్కర్లేదు. నేల మీది టెలిస్కోపుకు ఇంకా చేతినిండా పని ఉంది.

నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్తాను. 1909 జనవరి, కొడైకెనాల్ కొండ. ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త జాన్ ఎవర్‌షెడ్ అక్కడి సోలార్ అబ్జర్వేటరీలో ఒక సూర్యమచ్చ, అంటే సూర్యుడి మీది నల్లటి మచ్చ, వెలుగును వర్ణపటంగా, అంటే రంగుల పట్టీగా, విడదీసి చూస్తున్నాడు. మచ్చలో వాయువు సుడి తిరుగుతుంటుందని అప్పటి ఊహ. కానీ ఆయనకు కనిపించింది వేరు. మచ్చలో సూర్యబింబం అంచు వైపున్న భాగంలో వర్ణపటంలోని నల్లటి గీతలు ఎరుపు వైపు జరిగాయి, అంటే అక్కడి వాయువు మన నుంచి దూరంగా పోతోంది. నడిమి వైపున్న భాగంలో నీలం వైపు జరిగాయి, అంటే మన వైపు వస్తోంది. మరి మచ్చ బింబం నడుమ ఉంటే? జరుగుడే లేదు! సుడి తిరిగితే ఇలా ఉండదు. మచ్చ నుంచి నలుదిక్కులా, సూర్యుడి ఉపరితలం వెంట, వాయువు బయటికి పారుతుంటేనే ఇలా ఉంటుంది. నేటికీ దాన్ని ఎవర్‌షెడ్ ప్రభావం అనే అంటారు.

ఒక్క రోజు చూసి ఊరుకుంటే ఇది తేలేది కాదు. మళ్ళీ చూశాడు, మళ్ళీ మళ్ళీ చూశాడు. కొడైకెనాల్‌లో 1904 నుంచి తీసిన సూర్యుడి ఫొటోలు ఇప్పుడు కంప్యూటర్‌లో దొరుకుతాయి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్పు వస్తే రెండు నెలలు శాస్త్రవేత్త దగ్గరే పని చేయొచ్చు. దానికి దరఖాస్తు పెట్టేనాటికి మీ చేతిలో రోజూ మచ్చలు గీసిన సొంత రికార్డు ఒకటి ఉండాలని నా కోరిక.

చిన్న టెలిస్కోపు చాలు. దానిలోంచి సూర్యుణ్ణి చూడొద్దు, ఎప్పుడూ చూడొద్దు, కళ్ళు పోతాయి. పక్కనుండే ఫైండర్‌కూ, అంటే గురి చూసే చిన్న దుర్భిణికీ, మూత పెట్టండి. ఐపీస్, అంటే కన్ను పెట్టే కటకం, వెనక తెల్ల కాగితం బిగించి బింబాన్ని దాని మీద పడనివ్వండి. మచ్చలను పెన్సిల్‌తో దిద్ది తేదీ, సమయం రాయండి. ఇంతవరకు అందరూ చేస్తారు, దిక్కులు మరిచిపోతారు. టెలిస్కోపును కదపకండి. భూమి తిరుగుతోంది కాబట్టి బింబమే కాగితం మీద జరుగుతుంది. ఒక మచ్చ మీద చుక్క పెట్టండి. అర నిమిషం ఆగి అదే మచ్చ మీద ఇంకో చుక్క. రెండూ కలిపితే తూర్పు పడమర గీత, మచ్చ జరిగిన వైపే పడమర. ఈ గీత లేని బొమ్మను మర్నాటి బొమ్మతో పోల్చలేం. గీత ఉంటే, సూర్యుడు తన చుట్టూ తాను తిరగడం వల్ల మచ్చ రోజుకు సుమారు 13 డిగ్రీలు కదలడం మీరే కొలవొచ్చు.

ఉదయ్‌పూర్ సోలార్ అబ్జర్వేటరీని ఫతేసాగర్ సరస్సు నడుమ దీవిలో కట్టారు. నీళ్ళు త్వరగా వేడెక్కవు, పైన గాలి నిలకడగా ఉంటుంది, బింబం వణకదు. మనకు చెరువులకేం కొదువ? దసరా వెళ్ళాక, పొద్దున ఎనిమిదింటికి, భద్రకాళి చెరువు కట్ట మీద మొదలుపెట్టండి. మచ్చలే లేకపోతే ఖాళీ బింబమే గీయండి. మబ్బు పడితే ఆ తేదీ వేసి "మబ్బు" అని రాయండి. నమస్కారం.