నలభై పట్టీలు, అయిదు పొడుగు కుట్లు: ఒక్కరోజులో బాతిక్ బొంత

అందరికీ నమస్తే. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాను. కెమెరా పట్టుకుంది మా పాప. చెయ్యి వణికితే తిట్టుకోవద్దు, పొద్దున్నుంచి నాతోపాటే నిలబడి ఉంది.

ఈరోజు అతుకుల బొంత కుడదాం. పాత చీరలతో అవ్వలు నెలలకొద్దీ చేత్తో కుట్టే బొంత కాదు. మిషన్ మీద ఒక్కరోజులో అయ్యేది. బాతిక్ కాటన్‌తో చేద్దాం. ఎందుకంటే ఒక్కో గుడ్డలోనే రంగు ఒకచోట ముదురు, ఒకచోట లేత. పది పట్టీలు పక్కపక్కన పెడితే యాభై రంగులు కనిపిస్తాయి. డిజైన్ గురించి బుర్ర బద్దలు కొట్టుకునే పని ఉండదు.

పాపా, ఈ గుడ్డ దగ్గరగా చూపించు. ఈ సన్నటి గీతలు కనిపిస్తున్నాయా, ఎండిన చెరువు మట్టి పగిలినట్టు? బాతిక్‌లో ముందు మైనం కరిగించి గుడ్డ మీద పూస్తారు. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. రంగులో ముంచేటప్పుడు గట్టిపడిన మైనం చిట్లుతుంది, ఆ చీలికల్లోంచి రంగు లోపలికి పోయి ఇట్లా నరాల్లాగా పడుతుంది. ఇప్పుడు వెనక్కి తిప్పు. రెండు వైపులా దాదాపు ఒకటే రంగు. వెనక తెల్లగా, వెలిసినట్టు ఉంటే అది బాతిక్ డిజైన్ అచ్చేసిన ప్రింటు గుడ్డ. ప్రింటుతోనూ బొంత కుట్టుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే బాతిక్ ధర పెట్టి కొనకండి.

సామాన్లు చెప్తాను. ఎనిమిది రంగులు, ఒక్కోటి అర మీటరు. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 44 ఇంచులు. నేను తీసుకున్నవి పండుమిరప ఎరుపు, పసుపు, గోంగూర పచ్చ, ఎర్రగడ్డ పొట్టు రంగు, నీలిమందు నీలం, వంకాయ రంగు, ఇటుక రంగు, నాపరాయి బూడిద. మూడు ముదురువి, మూడు లేతవి తప్పకుండా ఉండాలి. అన్నీ ముదురువే అయితే దూరం నుంచి మసిగుడ్డలాగా కనిపిస్తుంది. అడుగుకి ఒక కొత్త సింగిల్ దుప్పటి. నాది ఎమ్మిగనూరు చేనేత. అక్కడ 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ల సంఘం పెట్టినప్పటి నుంచి ఆ ఊరి నేతకి మన దగ్గర పేరుంది. ఇక మధ్య పొరకి మెత్తబడిపోయిన పాత కాటన్ దుప్పటి ఒకటి.

మధ్యలో పాలిస్టర్ షీట్ పెట్టమని చాలామంది చెప్తారు. మన ఎండలకి అది పెడితే చలికాలం రెండు నెలలు తప్ప బొంత బీరువాలోంచి బయటికి రాదు. విడి దూది కూడా వద్దు. దగ్గర దగ్గరగా కుట్లు వేయకపోతే ఉతికినప్పుడు గడ్డలు కడుతుంది.

కొన్న గుడ్డని నేరుగా కత్తెర కిందికి తీసుకురావద్దు. ముందు తడపాలి. రోజంతా ఆదా చేద్దామని చూసేవాళ్లకి నేను ఇవ్వలేని ఆదా ఇదొక్కటే. ఎందుకో చెప్తాను.

2009 అక్టోబర్ 2 అంటే కర్నూల్లో ఎవరికైనా వరదే గుర్తొస్తుంది. తుంగభద్ర, హంద్రి రెండూ ఊళ్లోకి వచ్చిన రోజు. ఇండోనేషియా బాతిక్‌ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది కూడా సరిగ్గా ఆరోజే. ఈమధ్యే చదివి ఆశ్చర్యపోయాను. అక్కడ వాళ్లు ఏటా ఆరోజు బాతిక్ కట్టుకుని పండగ చేసుకుంటారట, ఇక్కడ మేం ట్రంకు పెట్టెల్లోంచి బురద తోడుతున్నాం. మా అవ్వ బొంత ఆ పెట్టెలోనే ఉంది. తడిసి, ఇద్దరం పట్టుకుంటే గానీ లేవనంత బరువైంది. మిద్దె పిట్టగోడ మీద వేసి నీళ్లు పోసి పోసి కడిగాం. బురద వదిలింది. చిత్రమేమిటంటే, అవ్వ వేసిన పాత చీరల ముక్కలు ఒక్కటి కూడా రంగు వదల్లేదు. అవి అప్పటికే వందసార్లు ఉతికినవి. వదిలింది ఒక్క ముక్కే. ఆ ఏడాది ఉగాదికి, చిరిగినచోట నేను అతికిన కొత్త ఎర్ర గుడ్డ. దాని చుట్టూ జానెడు మేర తెల్లదంతా గులాబీ రంగు అయిపోయింది. అవ్వ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ అనిపించింది.

కాబట్టి ఒక్కో రంగుకి ఒక్కో బక్కెట్టు. నీళ్లలో కొంచెం సబ్బుపొడి వేసి అరగంట నానబెట్టండి. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. ఎరుపు, నీలం నాలుగైదు నీళ్లు తీసుకుంటాయి. తర్వాత తడి గుడ్డ మీద తెల్ల చేతిరుమాలు అదిమి చూడండి. రుమాలుకి రంగు అంటితే మళ్లీ బక్కెట్లోకి. రాళ్లుప్పు వేస్తే రంగు నిలబడిపోతుందని మన ఇళ్లలో ఒక నమ్మకం. ఉప్పు ఒక్కటే ఆ పని చేయదు, ఊడే రంగు ఊడేదాకా కడగడమే. గుడ్డ ఎక్కడైనా బిరుసుగా, జిడ్డుగా తగిలితే అక్కడ మైనం మిగిలిందని. పైనా కిందా తెల్ల కాగితం పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితం పీల్చేస్తుంది. న్యూస్ పేపర్ పెట్టొద్దు, అక్షరాలు గుడ్డకి దిగుతాయి.

ఆరింది, ఇస్త్రీ అయింది. ఇప్పుడు కత్తిరింపు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి పన్నా అడ్డంగా సర్రున చింపండి. దారం వెంబడే చిరుగుతుంది కాబట్టి అదే మన సూటి గీత. అన్నీ ఇట్లాగే చింపుకుంటే పోలా అంటారేమో. చింపిన అంచు సాగి అలలు అలలుగా అవుతుంది, సన్న పట్టీకి పనికిరాదు. మొదటి అంచు చింపండి, మిగతావి స్కేలు పెట్టి కత్తిరించండి. రెండున్నర ఇంచుల వెడల్పు. రంగుకి అయిదు పట్టీలు, మొత్తం నలభై. మిగిలిన గుడ్డలోంచి అంచుకి ఇంకో ఆరు పట్టీలు తీసి పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు ఒక మాట, ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. బాతిక్‌కి రెండు వైపులా ఒకేలా ఉంటుందని మురిసిపోయాం కదా, ఆ గుణమే ఇక్కడ ముంచుతుంది. మొదటిసారి కుట్టినప్పుడు పట్టీల చివరలు కలుపుతూ పోయాను. తీరా చూస్తే సగం అతుకుల మడతలు ఇటు, సగం అటు. ఇరవై చోట్ల విప్పాను. నేత దట్టంగా ఉంటుంది కాబట్టి విప్పినచోట సూది రంధ్రాలు కూడా కనిపిస్తాయి, నీళ్లు చల్లి ఇస్త్రీ చేస్తే గానీ మూసుకోవు. అందుకే ప్రతి పట్టీకి వెనకవైపు సుద్దతో ఇంటూ గుర్తు పెట్టండి. గుర్తు ఎప్పుడూ మీవైపే కనిపించాలి.

పట్టీలన్నీ ఒక సంచిలో వేసి కలపండి. చూడకుండా ఒక్కోటి తీసి చివరకి చివర కలిపి కుట్టండి. ఒకే రంగు వెంటవెంటనే వస్తే మాత్రం తిరిగి సంచిలో వేయండి. సూది 11వ నంబరు, కొత్తది. కుట్టు గుడ్డ అంచు నుంచి పావు ఇంచి లోపల పడాలి. ఒక అతుకు అయ్యాక దారం తెంపకుండా తర్వాతది పెట్టేయండి. తోరణం లాగా వరసగా వస్తాయి, చివర్లో ఒకేసారి తెంపుకుందాం.

తడిపినప్పుడు కుంచించుకుపోయిందీ, అతుకుల్లో పోయిందీ తీసేస్తే, నలభై కలిపితే దాదాపు 1660 ఇంచుల పట్టీ. పాపా, ఆ కుప్ప చూపించు. పిల్లి వస్తే అయిపోయాం. దీని మొదట్లో 18 ఇంచులు కత్తిరించి తీసేయండి. ఎందుకంటే, తీయకపోతే అతుకులన్నీ ఒకదాని కింద ఒకటి వరస కట్టి మెట్లలాగా కనిపిస్తాయి.

ఇక అసలు కిటుకు. పట్టీ రెండు చివరలూ పట్టుకోండి. మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, పొడుగునా కుడుతూ పోండి. ఎంత దూరమంటారా? మడత వచ్చేదాకా. మడత దగ్గర కత్తిరించేస్తే రెండు వరసల పట్టీ, 820 ఇంచులు. మళ్లీ చివరలు కలపండి, కుట్టండి: నాలుగు వరసలు, 410. తర్వాత ఎనిమిది వరసలు, 205. పదహారు వరసలు, 102. అయిదో కుట్టుకి ముప్పై రెండు వరసలు, 51 ఇంచుల వెడల్పు, 64 ఇంచుల పొడవు. బొంత పైభాగం అయిపోయింది. ఏ ముక్క ఎక్కడ పెట్టాలని మనం ఒక్కసారి కూడా ఆలోచించలేదు చూడండి.

ఈ అయిదు కుట్లు కలిపితే నలభై మీటర్లు. నాలుగు బాబిన్లు ముందే నింపుకోండి. మొదటి కుట్టు మధ్యలో దారం అయిపోయి, చూసుకోకుండా వట్టి సూదితో మూడు మీటర్లు నడిపాను ఒకసారి. కాలు మిషన్ చప్పుడులో తెలియదు.

అతుకులన్నీ ఒకే వైపుకి ఇస్త్రీ చేసి నేల మీదకి రండి. గచ్చు మీద అడుగు దుప్పటి తిరగేసి పరచి, మూలలు టేపుతో అంటించండి. దాని మీద పాత దుప్పటి, ఆపైన మన బాతిక్. మధ్య నుంచి బయటికి చేత్తో నిమురుతూ ముడతలు తీసి, ఆరేసి ఇంచులకి ఒక పిన్నీసు. ఎనభై, తొంభై పడతాయి. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు.

సూది 14కి మార్చండి, కుట్టు కాస్త పెద్దది చేయండి. రెండు పక్కలా చాపలాగా చుట్టి, నడిమి వరస నుంచి మొదలుపెట్టి బయటికి రండి. పాత అతుకు గాడిలోనే కుట్టు పడాలి. వరస విడిచి వరస చాలు. అంచు నుంచి మొదలుపెట్టారా, గుడ్డ తోసుకుంటూ వచ్చి మధ్యలో బుడగ లేస్తుంది.

అంచుల్లో మిగిలిన దుప్పటి సూటిగా కత్తిరించండి. పక్కన పెట్టిన ఆరు పట్టీలు కలిపి, పొడుగునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, ముందువైపు కుట్టి వెనక్కి తిప్పి మళ్లీ కుట్టేయండి. మూలల్లో సొగసైన ఏటవాలు మడతల కోసం తంటాలు పడకండి. ముందు ఎదురెదురు రెండు పక్కలు కుట్టండి, తర్వాత మిగతా రెండు, చివరలు లోపలికి మడిచి. కొంచెం లావుగా ఉంటుంది, గట్టిగా కూడా ఉంటుంది.

మొదటి రెండు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో. ఆరేయడం నీడలోనే. కర్నూలు ఎండకి నీలిమందు కూడా తట్టుకోలేదు.

అమ్మయ్య, ఆఖరి కుట్టు. ఇదిగో, ఈ ఎర్ర పట్టీ మీద తడి రుమాలు ఒకసారి అదుముతాను. చూపించు పాపా... తెల్లగానే ఉంది. ఇక కెమెరా ఆపి ఆ కొస పట్టుకో, మడత పెడదాం.