హోగన్ మందు అందరికీ పడదు

అందరికీ నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు ఇంతమంది కనిపిస్తున్నారు కాబట్టి వాళ్ల ప్రశ్నతోనే మొదలుపెడతాను. గోల్ఫ్ నేర్పించాలి అనుకోగానే మనం మొదట వాకబు చేసేది, "ఆ కోచ్ ఏమేం గెలిచాడండీ?" అని. బాగా ఆడేవాడికే ఆట బాగా తెలుస్తుంది, తెలిసినవాడే చెప్పగలడు అన్న నమ్మకం దాని వెనక ఉంది. గోల్ఫ్ స్వింగ్, అంటే బాల్ కొట్టడానికి కర్రను ఎత్తి తిప్పే తీరు, ఆ విషయంలో ఈ నమ్మకం చాలామంది పిల్లల ఆటను, పెద్దల డబ్బును పాడుచేస్తోందని నా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, ఫోర్ట్‌వర్త్ పట్టణం. అక్కడ గ్లెన్ గార్డెన్ అనే క్లబ్బులో 1920లలో ఇద్దరు కుర్రాళ్లు క్యాడీలుగా బ్యాగులు మోసేవారు. ఇద్దరూ 1912లోనే పుట్టారు. ఒకరు బెన్ హోగన్, ఇంకొకరు బైరన్ నెల్సన్. హోగన్ తర్వాత 9 మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లు, గెలిచాడు. 1949లో బస్సు ఆయన కారును ఎదురుగా గుద్దితే చావు తప్పి బయటపడి, మరుసటి ఏడాదే ఆ మేజర్లలో ఒకటైన యూఎస్ ఓపెన్ గెలిచాడు. నెల్సన్ 1945లో వరసగా 11 టోర్నమెంట్లు, ఆ ఒక్క ఏడాదిలో మొత్తం 18 గెలిచాడు. ఆ రికార్డును ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు. ఆటలో ఈ ఇద్దరినీ మించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేర్పడం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరి దారులూ వేరు.

హోగన్‌ను కుర్రతనం నుంచీ పట్టి పీడించిన జబ్బు హుక్. కుడిచేతి వాటం ఆటగాడు కొట్టిన బాల్ గాల్లో ఎడమవైపుకు గట్టిగా తిరిగిపోతే దాన్ని హుక్ అంటాం. ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేసి ఆయన తన జబ్బుకు తానే మందు కనిపెట్టుకున్నాడు. గ్రిప్‌లో, అంటే బాల్ కొట్టే కర్రను (దాన్నే క్లబ్ అంటాం) పట్టుకునే తీరులో, ఎడమ చేతిని కొంచెం ఎడమకు తిప్పాడు. క్లబ్ పైకి చేరేసరికి ఎడమ మణికట్టును కాస్త వెనక్కి వంచాడు. దాంతో క్లబ్‌ఫేస్, అంటే బాల్‌కు తగిలే ముఖం, తెరుచుకుని, అంటే కుడివైపుకు తిరిగి ఉండేది. ఇక ఎంత బలంగా కొట్టినా బాల్ ఎడమకు పారిపోయేది కాదు. 1955లో లైఫ్ పత్రిక దీన్ని హోగన్ రహస్యం అంటూ వేసింది. 1957లో ఆయన స్వింగ్ పాఠాలు ఐదు భాగాలుగా స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్‌లో వచ్చాయి, ఆ ఏడాదే పుస్తకమయ్యాయి. గోల్ఫ్ నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ ఆ పుస్తకం కొంటూనే ఉన్నారు.

ఇప్పుడు బాళ్లు కొట్టి ప్రాక్టీస్ చేసే ఏదైనా డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లండి. గోల్కొండ కోట పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కావచ్చు, విశాఖలో కావచ్చు, డల్లాస్‌లో కావచ్చు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లను వరసగా చూడండి. వాళ్లలో ఎక్కువమందికి ఉన్న జబ్బు హుక్ కాదు, స్లైస్. బాల్ కుడివైపుకు తిరిగిపోతుంది. అంటే బాల్‌ను తాకేటప్పుడు క్లబ్‌ఫేస్ అప్పటికే ఎక్కువగా తెరుచుకుని ఉంది. అలాంటివాడు హోగన్ పాఠం చదివి, అందులో చెప్పినట్టే ఎడమ చేతిని ఇంకొంచెం ఎడమకు తిప్పి పట్టుకుంటాడు. బొటనవేలు షాఫ్ట్ (క్లబ్ కాడ) మీద నిట్టనిలువుగా కూర్చుంటుంది. పైనుంచి చూస్తే ఎడమ చేతి కణుపులు ఒకటో అరో తప్ప కనిపించవు. ఫేస్ ఇంకా తెరుచుకుంటుంది, బాల్ ఇంకా కుడికి పోతుంది. కుడికి పోతోంది కదా అని మనవాడు ఎడమకు గురిపెడతాడు, క్లబ్‌ను కూడా ఎడమకే లాగుతాడు. తెరుచుకున్న ఫేస్, ఎడమకు పోయే క్లబ్ కలిస్తే స్లైస్ ఇంకా పెరుగుతుంది. వారం తిరిగేసరికి "నాకు గోల్ఫ్ రాదండీ" అని కూర్చుంటాడు. నిజానికి అతను చెప్పినదాన్ని బుద్ధిగా చేశాడు. కాకపోతే అది ఇంకొకరి జబ్బుకు రాసిన మందు.

ఇందులో హోగన్‌ను తప్పుపట్టడానికి లేదు. లైఫ్ వ్యాసంలోనే ఆయన హెచ్చరించాడు. ఇది వారానికోసారి ఆడేవాడికి పెద్దగా పనికిరాదు, సరిగా ఆడలేనివాడిని మరింత పాడుచేస్తుంది అని. ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు. రహస్యం ఒక్కటే అందరికీ గుర్తుండిపోయింది.

ఇక నెల్సన్ సంగతి. 1974 యూఎస్ ఓపెన్‌లో మూడో రౌండ్ అయ్యేసరికి టామ్ వాట్సన్ అనే కుర్రాడు ముందున్నాడు. చివరి రోజు 79 దెబ్బలు తీసుకుని (గోల్ఫ్‌లో ఎన్ని తక్కువైతే అంత మంచిది) ఓడిపోయాడు. ఆ రోజు నెల్సన్ అతని దగ్గరికి వెళ్లి, కావాలంటే నేను సాయం చేస్తానన్నాడు. మరుసటి ఏడాది వాట్సన్ స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్ అనే మేజర్ గెలిచాడు. చివరికి 5 బ్రిటిష్ ఓపెన్లు, మొత్తం 8 మేజర్లు అయ్యాయి. నెల్సన్ స్వింగ్ ఎంత నిలకడైనదంటే, క్లబ్బుల్ని, బాళ్లను పరీక్షించే యంత్రాన్ని ఆ స్వింగ్‌ను చూసి తయారుచేసి దానికి ఐరన్ బైరన్ అని పేరుపెట్టారు. అలాంటి స్వింగ్ ఉన్న మనిషికి వాట్సన్‌ను తనలా మార్చేయాలని అనిపించడం సహజం. కానీ వాట్సన్ స్వింగ్ వాట్సన్ స్వింగ్‌గానే మిగిలింది. వేగంగా, నిటారుగా, చూడగానే గుర్తుపట్టేలా. గొప్ప ఆటగాళ్లలో మంచి గురువులు లేకపోలేదని చెప్పడానికి నెల్సన్ చాలు. క్లాడ్ హార్మన్ ఇంకొకడు. 1948లో మాస్టర్స్ అనే మేజర్ గెలిచినప్పుడు ఆయన ఒక క్లబ్బులో పాఠాలు చెప్పుకునే ప్రో, అంటే ఆటే వృత్తిగా ఉన్నవాడు. ఆయన కొడుకు బుచ్ హార్మన్ టూర్‌లో, అంటే వృత్తి ఆటగాళ్ల టోర్నమెంట్ల వరసలో, గెలిచింది ఒక్కటే టోర్నమెంట్. టైగర్ వుడ్స్‌కు కోచ్‌గా పేరు తెచ్చుకున్నది మాత్రం ఆ కొడుకే.

మరి చాలామంది గొప్పవాళ్లకు చెప్పడం ఎందుకు కష్టమవుతుంది? వాళ్లకు స్వార్థమో గర్వమో అనుకోవడం అన్యాయం. అసలు కారణం మన శరీరం పనిచేసే తీరులోనే ఉంది. క్లబ్ పైనుంచి బాల్ దాకా రావడానికి పట్టేది దాదాపు పావు సెకను. బాల్‌కు క్లబ్ తగిలి ఉండేది సెకనులో రెండువేలో వంతు. అంత తక్కువ సమయంలో ఆలోచించి చేసేదంటూ ఏమీ ఉండదు, చెయ్యి తన అలవాటు ప్రకారం చేసుకుపోతుంది. ఆట ఎంత బాగా వస్తే, లోపల ఏం జరుగుతోందో అంతగా మరుగునపడుతుంది. 2001లో బైలాక్, కార్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పట్టింగ్‌తో, అంటే గుంట దగ్గర బాల్‌ను నేల మీద దొర్లించే దెబ్బతో, పరీక్షించారు. అనుభవజ్ఞులతో, కొత్తవాళ్లతో పట్లు కొట్టించి, ఇప్పుడు కొట్టిన పట్ గురించి గుర్తున్నదంతా రాయమన్నారు. పట్ ఎలా కొట్టాలో చెప్పమంటే అనుభవజ్ఞులు కొత్తవాళ్లకంటే ఎక్కువ రాశారు, తాము ఇప్పుడు కొట్టిన పట్ గురించి మాత్రం కొత్తవాళ్లకంటే తక్కువ రాశారు. తర్వాత వాళ్ల చేతికి వంకరటింకర ఆకారంలో ఉన్న పట్టర్ ఇచ్చారు. అలవాటు పనిచేయక ఆట తగ్గింది, ఒక్కో పట్ మీద దృష్టి పెట్టాల్సి వచ్చింది, అప్పుడు జ్ఞాపకం పెరిగింది. నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం. చాంపియన్‌ను "ఎలా కొట్టారు?" అని అడిగితే ఆయన చెప్పేది తన నమ్మకం. ఆ షాట్‌లో నిజంగా జరిగింది అదేనన్న హామీ లేదు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఫేడ్ పాఠం. బాల్ ఎడమ నుంచి కుడికి మెల్లగా తిరగాలంటే ఏం చేయాలి? జాక్ నిక్లాస్‌తో సహా ఎందరో చాంపియన్లు చెప్పింది ఇది: క్లబ్‌ఫేస్‌ను బాల్ చివరికి చేరాల్సిన చోటుకు పెట్టు, శరీరాన్ని బాల్ బయలుదేరాల్సిన వైపుకు పెట్టి అటే స్వింగ్ చెయ్యి. వినడానికి చక్కగా ఉంది. 2000ల తర్వాత ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్ పరికరాలు వచ్చి బాల్‌ను, క్లబ్‌ను కలిపి కొలిచాక తేలిందేమిటంటే, బాల్ బయలుదేరే దిక్కును ఎక్కువగా నిర్ణయించేది క్లబ్‌ఫేసే. స్వింగ్ దారి కాదు. ఫేస్ గుంటలో నిలబెట్టిన జెండా వైపు, స్వింగ్ ఎడమ వైపు ఉంటే బాల్ దాదాపు జెండా వైపే బయలుదేరి, జెండాకు కుడిగా పోయి పడుతుంది. నిక్లాస్ ఫేడ్లు జెండా దగ్గరే పడేవి కదా! అంటే తగిలే క్షణంలో ఆయన ఫేస్ ఆయన చెప్పినచోట లేదు, ఇంకొంచెం ఎడమకు ఉంది. ఆయన చేతులు తమంతట తామే సర్దుకున్నాయి. 18 మేజర్లు గెలిచిన మనిషి, ఆటను లోతుగా ఆలోచించే మనిషి, మనస్ఫూర్తిగా చెప్పిన మాట ఇది. ఆ చేతులు లేనివాడు ఆ మాట నమ్మి ఎన్ని బకెట్ల బాళ్లు కొట్టినా బాల్ కుడికే పోతుంది.

నిక్లాస్ గురువు జాక్ గ్రౌట్ కూడా టూర్ ఆడినవాడే కానీ పెద్ద పేరేమీ రాలేదు. 1950లో, ఒహాయోలోని సయోటో క్లబ్బులో, పదేళ్ల నిక్లాస్ ఆయన పిల్లల క్లాసులో చేరాడు. స్వింగ్‌లో తల కదులుతోందని గ్రౌట్ తన అసిస్టెంట్‌తో ఆ పిల్లవాడి జుట్టు పట్టించి, అతని చేత బాళ్లు కొట్టించేవాడు. కళ్లలో నీళ్లు తిరిగేవట. ఇవాళ ఏ కోచ్ అలా చేసినా నేను ఒప్పుకోను. కానీ గ్రౌట్ ఆ పిల్లవాడిలో ఒక్క లోపం పట్టుకుని, అది పోయేదాకా దాన్నే సరిచేశాడు. నిక్లాస్ ప్రపంచ చాంపియన్ అయ్యాక కూడా ప్రతి ఏడాదీ మొదట్లో ఆయన దగ్గరికెళ్లి గ్రిప్ నుంచి మళ్లీ మొదలుపెట్టేవాడు.

మంచి గురువు ఎలా చూస్తాడో తెలియాలంటే ఇంగ్లండ్‌కు చెందిన జాన్ జేకబ్స్ గురించి చెప్పుకోవాలి. ఆటగాడిగా తక్కువవాడేం కాదు, 1955లో అమెరికాతో జరిగిన జట్టు పోటీ రైడర్ కప్‌లో ఆడిన రెండు మ్యాచ్‌లూ గెలిచాడు. అయితే ఆయన పేరు నిలిచింది పాఠాల వల్లే. ఆయన స్వింగ్ అందాన్ని పక్కనపెట్టి ముందు బాల్‌ను చూసేవాడు. ఎటు బయలుదేరింది, ఎటు తిరిగింది, ఎంత ఎత్తుకు లేచింది, నేలను ఎక్కడ తవ్వింది. వాటిని బట్టి తగిలే క్షణంలో క్లబ్ ఎలా ఉందో వెనక్కి లెక్కగట్టేవాడు. రాడార్లు రాకముందే! ఆ తర్వాతే ఏం మార్చాలో చెప్పేవాడు. కాబట్టి స్లైస్ ఉన్నవాడికీ హుక్ ఉన్నవాడికీ ఆయన చెప్పేది ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకంగా ఉండేది.

టెక్సస్‌లోనే ఆస్టిన్‌లో హార్వీ పెనిక్ అని ఇంకో గురువు. ఆయన దగ్గర ఒకే కాలంలో ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకున్నారు, టామ్ కైట్, బెన్ క్రెన్‌షా. ఒకరి పాఠం జరుగుతుంటే ఇంకొకరిని పెనిక్ అక్కడ నిలబడనిచ్చేవాడు కాదు. కైట్‌కు చెప్పింది క్రెన్‌షా విని తనకు అన్వయించుకుంటే చెడిపోతాడని ఆయన భయం. కైట్ 1992 యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1995 ఏప్రిల్ మొదట్లో పెనిక్ కన్నుమూశాడు, క్రెన్‌షా ఆయన శవపేటిక మోసి, ఆ ఆదివారమే మాస్టర్స్ గెలిచాడు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. కైట్, క్రెన్‌షా ఎలాగూ ప్రతిభ ఉన్నవాళ్లే కదా, పెద్ద శిష్యుల్ని చూపించి గురువును పొగిడితే ఎలా? నిజమే. పేరున్న కోచ్ అనగానే అతను మన పిల్లలకు కూడా సరిపోతాడని లేదు. డేవిడ్ లెడ్‌బెటర్ అనే కోచ్ 1985లో నిక్ ఫాల్డో స్వింగ్‌ను మొదటినుంచీ మార్చడం మొదలుపెట్టాడు. అంతకు రెండేళ్ల ముందు ఫాల్డో యూరప్‌లో అందరికంటే ఎక్కువ సంపాదించిన ఆటగాడు. రెండేళ్లు దాదాపు మరుగునపడి, రోజంతా బాళ్లు కొట్టి, 1987 బ్రిటిష్ ఓపెన్ ఆఖరి రౌండ్‌లో 18 హోల్స్‌కు 18 పార్లు (పార్ అంటే ఒక హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్య) కొట్టి గెలిచాడు. ఆ ఓర్పు, ఆ తీరిక ఫాల్డోకు ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం పొద్దున ఆడేవాడికి అలాంటి మార్పు చేయబోయే కోచ్ దగ్గర జాగ్రత్తగా ఉండండి.

అలాగని చాంపియన్ల దగ్గర నేర్చుకునేది ఏమీ లేదని నేను అనను. టెన్షన్‌లో ఏ షాట్ ఎంచుకోవాలి, గాలిని ఎలా అంచనా వేయాలి, చెత్త హోల్ తర్వాత తల ఎలా నిబ్బరంగా ఉంచుకోవాలి, ఇవి వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. పదేళ్లలోపు పిల్లలైతే చూసి కూడా నేర్చుకుంటారు. 1920ల చాంపియన్ బాబీ జోన్స్ చిన్నప్పుడు అట్లాంటాలో స్టూవర్ట్ మెయిడెన్ అనే స్కాటిష్ ప్రో వెనక తిరిగి, అతని స్వింగ్‌ను చూసి చూసి పట్టేశాడు. పెద్దయ్యాక మనకు ఆ వరం ఉండదు. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలకు సాహిత్ తీగల అంటే ఎంత అభిమానమో నాకు తెలుసు. తెలుగు ఇంటి కుర్రాడు, 2023లో అమెరికాలోని పెద్ద టూర్ అయిన పీజీఏ టూర్‌లో గెలిచాడు. అతని ఆట చూసి ఉత్సాహం తెచ్చుకోండి, బాల్‌ను కావలసినట్టు తిప్పే ధైర్యం తెచ్చుకోండి. స్లో మోషన్ వీడియో ఆపి ఆపి అతని మణికట్టు కోణాన్ని మాత్రం కాపీ కొట్టకండి. అది అతని శరీరానికి కుదిరింది.

మన దేశంలో చాలామంది ప్రోలు క్యాడీలుగా మొదలైనవాళ్లే. 1991 ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా అలా పైకొచ్చినవాడే. క్యాడీ అనేవాడు రోజూ ఇతరుల బాల్‌ను చూస్తాడు. ఎవరి బాల్ ఎటు పోతుందో, ఎప్పుడు పోతుందో అతనికి తెలుస్తుంది. పెద్ద ట్రోఫీ ఏదీ లేకపోయినా, ఆ చూపు ఉన్నవాళ్లు మన రేంజ్‌లలో పాఠాలు చెప్తున్నారు. మనం వాళ్లను సరిగా గౌరవించడం లేదు, అది నన్ను బాధపెడుతుంది.

కాబట్టి కోచ్‌ను ఎంచుకునే ముందు ఒక పూట రేంజ్‌కి వెళ్లి వెనక కుర్చీ వేసుకుని కూర్చోండి. ఆయన ఇద్దరు ముగ్గురికి పాఠం చెప్పేది చూడండి. నోరు విప్పకముందు ఎన్ని బాళ్లు కొట్టనిస్తున్నాడు? బాల్ గాల్లో ఉన్నంతసేపూ బాల్‌ను చూస్తున్నాడా, లేక తన స్వింగ్ చూపించే తొందరలో ఉన్నాడా? ఒక పాఠంలో ఒక్క మార్పు చెప్తున్నాడా, పది చెప్తున్నాడా? ఒకరికి స్లైస్, ఇంకొకరికి హుక్ ఉంటే ఇద్దరికీ వేర్వేరు గ్రిప్ చెప్తున్నాడా? ఇద్దరికీ ఒకే గ్రిప్ పట్టిస్తుంటే ఆయన గోడ మీద ఎన్ని కప్పులున్నా సరే, ఫీజు కట్టకుండా వచ్చేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. గ్రిప్ చూపించమంటే క్లబ్ ఇక్కడే ఉంది.